సుంకమ్మక్క కళ్ల కోసం ఒక శనివారం: పాత లెన్సుతో ఆదోని, ఎమ్మిగనూరు

నోరు ఊరుకోకపోవడం వల్ల మొదలైన ప్రయాణం ఇది. నేను కర్నూలులో జూనియర్ కాలేజీ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. రెండు నెలల కిందట సెకండ్‌హ్యాండ్‌లో ఒక మిర్రర్‌లెస్ కెమెరా కొన్నాను, నలభై రెండు వేలకు. దానికి తగిన కొత్త లెన్సు కొనాలంటే ఇంకో నలభై వేలు కావాలి. అంత స్తోమత లేక, మూతపడిన ఒక స్టూడియో వాళ్ల దగ్గర రెండు పాత లెన్సులు తెచ్చుకున్నాను, రెండూ కలిపి నాలుగు వేల ఐదొందలు. వయసులో నా కంటే పెద్దవి. లోహం, గాజు తప్ప వాటిలో ఇంకేమీ లేదు, ఒక్క వైరు ముక్క కూడా. మధ్యలో అడాప్టర్ రింగు పెట్టి బిగిస్తే కొత్త కెమెరాకు చక్కగా పట్టేస్తాయి. కాకపోతే ఫోకస్ మనమే చేత్తో తిప్పుకోవాలి. మా డాబా మీద మల్లెమొగ్గ ఫోటో ఒకటి కుదిరితే వాట్సాప్ స్టేటస్‌లో పెట్టి మురిసిపోయాను. కదలని మొగ్గకు గంటన్నర పట్టిందన్న సంగతి మాత్రం రాయలేదు.

ఆ స్టేటస్ చూసి ఎమ్మిగనూరు నుంచి ఫర్జానా ఫోన్ చేసింది. పదేళ్ల కిందట నా దగ్గర చదివిన పిల్ల, ఇప్పుడు ఇద్దరు బిడ్డల తల్లి. అక్కడ పదిమంది ఆడవాళ్లు పొదుపు సంఘం పెట్టుకుని మగ్గం తువ్వాళ్లు, దుప్పట్లు నేయిస్తారు. ఆర్డర్ల పని ఫర్జానా చూస్తుంది. "మేడమ్, ఆదివారం పొద్దున మా అంగడి ఓపెనింగు. ఫ్లెక్సీలో పదిమంది ఫోటోలు ఎయ్యాల. తొమ్మిది వచ్చినాయి. సుంకమ్మ పెద్దమ్మదే లేదు. ఎవురు తీసినా కండ్లు మూసేస్తాది. ఆ ఫోటో ఏస్తే నగుబాటు, నా పేరు ఏస్తే సాలు అంటాంది. అంగడి పెట్టాలని మొదలుపెట్టిందే ఆమె మేడమ్, ఆమె మొగమే లేకపోతే యెట్ల?" అంది. ఎప్పటికి కావాలని అడిగితే, శనివారం సాయంత్రం అయిదు లోపల ఫ్లెక్సీ కొట్టే అన్నకు పంపాలంది. "దానిదేముంది, నేను వచ్చి తీస్తాలే" అనేశాను. ఫోన్ పెట్టేశాక చెమటలు పట్టాయి. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికి ఎగురుతానందట.

రెండో శనివారం, కాలేజీకి సెలవు. పొద్దున అయిదుంబావుకు కర్నూలు బస్టాండులో ఆదోని ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆడవాళ్లకు ఈ బస్సుల్లో ఇప్పుడు డబ్బులక్కర్లేదు, ఆధార్ చూపిస్తే సున్నా టికెట్ చేతిలో పెడతారు. మగవాళ్లు రెండొందల లోపు అనుకోండి. ఈ దారిలో ముందు వచ్చేది ఎమ్మిగనూరే, అది దాటాక ముప్పై కిలోమీటర్లకు ఆదోని. అయినా నేను ఎమ్మిగనూరులో దిగలేదు. దిగితే నేరుగా సుంకమ్మ ముందు నిలబడాలి. ముందు ఆదోనికి పోయి, నాలుగు గంటలు జనం మధ్య చేయి తిప్పుకుని, కొంచెం ధైర్యం తెచ్చుకుని వెనక్కి రావాలని నా ఎత్తు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, తెల్లవారకుండానే కిటికీలోంచి చీకటిని ఇరవై ఫోటోలు తీశాను.

ఎనిమిదిన్నరకు ఆదోనిలో దిగి, బస్టాండుకు నాలుగడుగుల దూరంలో ఒక ఉగ్గాని బండి దగ్గర ఆగాను. బొరుగులు నానబెట్టి పిండి, తిరగమాత వేసి, పైన పప్పుల పొడి చల్లే ఉగ్గాని తినకుండా ఆదోని చూశానని ఎవరైనా అంటే నమ్మకండి. పక్కన రెండు మిరపకాయ బజ్జీలతో ప్లేటు నలభై రూపాయలు. బండి నడిపే గౌస్ అన్నను ఫోటో అడిగాను. జల్లిగరిటె ఎత్తి పట్టుకుని, గడ్డం పైకి పెట్టి, శిలావిగ్రహంలా నిలబడ్డాడు. నేను రింగు తిప్పాను, బటన్ నొక్కాను. కెమెరా ఉలకలేదు, పలకలేదు. మళ్లీ నొక్కాను. తెర మీద చిన్న అక్షరాలు: లెన్స్ లేదు. ఎదురుగా బొప్పాయికాయంత లెన్సు పెట్టుకుని లేదంటుంది! గౌస్ అన్న పెదవి కదపకుండా, "అక్కా, అయిందా? బజ్జీలు మాడతాండాయి" అన్నాడు. "ఒక్క నిమిషం అన్నా" అన్నాను. నా నిమిషం ఎంతసేపుంటుందో ఆయనకు తెలియదు పాపం.

తప్పు కెమెరాది కాదు. పాత లెన్సులో కరెంటు ఉండదు కాబట్టి అది తగిలించినట్టు కెమెరాకు తెలియదు. లెన్సు లేకపోయినా షటర్ పడనిమ్మని మెనూలో ఒక చోట చెప్పుకోవాలి. డాబా మీద ఆ పని చేశాను కానీ, నిన్న సెట్టింగులన్నీ కెలుకుతూ మొత్తం మొదటికి తెచ్చుకున్నాను. మెనూలో దాన్ని వెతికి పట్టుకునేసరికి నాలుగు బజ్జీలు బొగ్గులయ్యాయి. ఫోటో వచ్చింది. మాడిన బజ్జీల మీద నూనె బుడగలు లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి, వాటి వెనక గౌస్ అన్న ఆకుపచ్చ చొక్కా ఉన్న ఎవరో ఒక మనిషిలా ఉన్నాడు. ఆయన తెరలోకి వంగి చూసి, "మాషా అల్లా, బజ్జీ మాత్రం బాగొచ్చిందక్కా" అన్నాడు. ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. మాడిన వాటికి డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు.

అక్కడి నుంచి పత్తి మార్కెట్ యార్డుకు ఆటోలో యాభై రూపాయలు. గేటు దగ్గర అడిగి లోపలికి పోవడం మంచిది, ఎవరూ కాదనలేదు. పత్తి వచ్చే కాలంలో పది గంటల వేళ వెళ్లాలి. ఎటు చూసినా తెల్లటి కుప్పలు, మనుషుల తలల మీద, మీసాల మీద, నా కెమెరా మీద కూడా పత్తి పోగులు. పాత లెన్సు నేర్చుకునేవాడికి ఇంతకంటే కఠినమైన పరీక్ష లేదు. ఫోకస్ కుదిరిన అంచులను ఎర్రగా చూపించే సదుపాయం నా కెమెరాలో ఉంది. పత్తి కుప్ప మీదకు తిప్పితే ప్రతి పోగూ ఎర్రబడి తెరంతా కుంకుమ చల్లినట్టు అయింది. ఇక వెలుతురు వచ్చే రంధ్రం సైజు మార్చే రింగు లెన్సు మీదే ఉంటుందని మరిచిపోయి, అది పూర్తిగా తెరిచి ఉండగానే ఎండలో తీసిన నలభై ఫోటోల్లో పత్తి, ఆకాశం, మనుషులు కలిసి సున్నం అయిపోయారు.

తలపాగా చుట్టిన ఒక పెద్దాయన తన కుప్ప పక్కన కూర్చుని నా అవస్థ చూస్తున్నాడు. కౌతాళం దగ్గర పల్లె, తెలుగులో సగం కన్నడం. "యాకమ్మా, తిప్పుతానే ఉండావు? రేడియోకు స్టేషన్ దొరకలేదా?" అన్నాడు. దొరకడం లేదన్నాను. "దొరికినట్టు అనిపిస్తానే నిలపగూడదు. బాగా ఇనిపించే సోటు దాటి పోవాల. మళ్లీ బరబరమనే దాకా పోయి ఎనక్కి రావాల. అప్పుడు తెలుస్తాది యాడ నిలపాల్నో." సరదాకి ఆయన చెప్పినట్టే చేశాను. తెర మీద ఆయన కన్ను పెద్దది చేసి చూస్తూ రింగు తిప్పి, స్పష్టత వచ్చాక ఆపకుండా దాటించి, మసక రాగానే వెనక్కి తెచ్చాను. ముడతలు, రెప్పల మీద పత్తి పోగు, కంట్లో నిలబడ్డ నా నీడ ఒక్కసారిగా తేలి వచ్చాయి. నేను గట్టిగా అరిచేశాను. పత్తికి టెండరు ధరలు రాసుకునే వ్యాపారులు కూడా తిరిగి చూశారు. లెన్సుల సూత్రాలు ఇరవై ఏళ్లుగా చెబుతున్న నాకు లెన్సు వాడటం నేర్పింది రేడియో వినే మనిషి. పన్నెండు వరకు అక్కడే తిరిగాను. ఆ రింగు తిప్పేటప్పుడు వేలికి తగిలే మెత్తటి బరువు ఒకటుంటుంది, అది అలవాటు పడితే వదిలిపెట్టబుద్ధి కాదు. రెండొందల పైన తీస్తే పదకొండు కుదిరాయి. మల్లెమొగ్గతో పోలిస్తే ఇది ప్రగతే.

పన్నెండుంబావు బస్సులో ఎమ్మిగనూరు వచ్చేసరికి ఒంటిగంట దాటింది. ఫర్జానా స్కూటీ మీద వచ్చి, మగ్గాలున్న వీధిలోకి తీసుకుపోయింది. సుంకమ్మ ఇంటి నడవలో గుంట మగ్గం, దాని వెనక భర్త ఈరన్న. పక్కన రాట్నం దగ్గర కూర్చుని సుంకమ్మ నూలు కండెలు చుడుతోంది. అరవై దాటిన మనిషి, మాట గట్టిది, నవ్వు ఇంకా గట్టిది. పనిలో ఉన్నా కొత్త ముదురాకుపచ్చ చీర కట్టుకుని, తలలో కనకాంబరాలు పెట్టుకుని ఉంది. ఫర్జానా నా చెవిలో, "పొద్దున్నుంచి మూడు సీరలు మార్చింది మేడమ్" అంది. ఫోటో వద్దు, పేరు చాలు అన్న మనిషి! ఈమె ఫోటో కుదరకపోతే ఆ మూడు చీరల సంగతి నేను మరిచిపోలేను.

ముందు అన్నం అన్నారు. జొన్నరొట్టె, శనక్కాయల ఊరుబిండి పచ్చడి, మజ్జిగ. తింటుండగా సుంకమ్మక్క ఇనప్పెట్టెలోంచి తన ఫోటోలన్నీ తెచ్చి నా ముందు పరిచింది. ఆధార్ కార్డులో కళ్లు మూసుకుంది. బ్యాంకు పుస్తకంలో మూసుకుంది. సంఘం గ్రూపు ఫోటోలో తొమ్మిదిమంది నవ్వుతుంటే ఆమె ఒక్కతే నిద్రలో ఉంది. పెళ్లి ఫోటోలోనూ అంతే. "నన్ను సూడకుండానే పెండ్లి సేసుకుంది, ఇప్పుడేమో తప్పు నాదంటాది" అన్నాడు మగ్గంలోంచి ఈరన్న. అందరితో పాటు ఆమె కూడా నవ్వింది, కానీ ఫోటోలన్నీ గబగబా వెనక్కి సర్దేసింది. "రెడీ అంటారు సూడు టీచరమ్మా, ఆ మాట ఇంటానే లోపల దడేల్మంటాది. కండ్లు వాటికవే మూసుకుంటాయి. నేనేం సెయ్యాల?" అంది. అంగడి ముందు తన ముఖం ఉంటే చూసుకోవాలని ఈమెకు ఎంత ఉందో అప్పుడు నాకు పూర్తిగా తెలిసింది.

రెండున్నరకు మొదలుపెట్టాం. నేను రెడీ అనలేదు. కానీ షటర్ టక్ మంటుంది కదా. మొదటి టక్‌కి కళ్లు మూసుకున్నాయి. రెండో టక్‌కి ఇంకా గట్టిగా మూసుకున్నాయి. మాటల్లో పెట్టి తీద్దామంటే, మాట్లాడేటప్పుడు తల ఊపుతుంది, ఫోకస్ పోతుంది. రెప్పల నుంచి చెవికి ఉన్నంత దూరంలోనే పాత లెన్సు స్పష్టత అయిపోతుంది. నాకు ముక్కుపుడక కుదిరింది, పుస్తెలతాడు కుదిరింది, వెనకాల పడుగు దారాలు ఒక్కొక్కటి లెక్కపెట్టేలా కుదిరాయి. లెన్సు పాఠంలో నేను బోర్డు మీద గీసే వస్తువు ఒక నిలువు బాణం గుర్తు. దానికి రెప్పలుండవు, తలలో పూలుండవు, అది మూడు చీరలు మార్చదు. మూడున్నరకల్లా అరవై ఫోటోలయ్యాయి. కళ్లు తెరిచినవి నాలుగే, ఆ నాలుగూ మసక.

సుంకమ్మక్క తలలోంచి పూలు తీసి రాట్నం మీద పెట్టింది. "పోనీలే టీచరమ్మా. ఇంత దూరం వచ్చినావు, అది సాలు. పేరు ఏస్తారులే" అంది. నాకు ఏడుపు వచ్చింది, సిగ్గు కూడా వేసింది. "ఒక్కసారి అక్కా. వాకిట్లో వెలుతురు బాగుంది, ఆడ కూర్చో. ఈ ఒక్కసారే" అన్నాను. నా మాట కాదనలేక పూలు మళ్లీ పెట్టుకుని, గడప దగ్గర స్టూలు మీద కూర్చుంది.

తెర మీద ఆమె కన్ను పెద్దది చేసి పట్టుకుని రింగు తిప్పాను. మసక, స్పష్టం, దాటించి మళ్లీ మసక, వెనక్కి. నొక్కాను. చప్పుడు లేదు. పొద్దున బండి దగ్గర జరిగిందే మళ్లీ జరిగిందనుకున్నాను. ఈ దిక్కుమాలిన కెమెరాకు ఇప్పుడే రావాలా! ఫోకస్ వదలకుండా, లోపల తిట్టుకుంటూ మళ్లీ నొక్కాను. మళ్లీ. కొంచెం రింగు కదిపి మళ్లీ. ఆడలేక మద్దెల ఓడు అనే రకాన్ని నేను కాదనుకునేదాన్ని, ఆ అరనిమిషంలో కెమెరా అమ్మిన వాణ్ణి, కొన్న నన్ను, కనిపెట్టిన వాణ్ణి, ఎవరినీ వదల్లేదు. ఇంతలో ఫర్జానా కేక వేసింది: "మేడమ్! పెద్దమ్మ ఊపిరి తీసుకుంటా ల్యాదు!"

కెమెరా దించి చూశాను. సుంకమ్మక్క బిగుసుకుని కూర్చుంది. ముఖం కందిపోయింది, మెడ నరాలు పొంగాయి, కళ్లు ఇంతింత చేసుకుని నా వైపే చూస్తోంది. నేను చూడగానే ఊపిరి భుస్సుమని వదిలి, "ఏం టీచరమ్మా, టక్ అనలే? దాని కోసమే సూస్తాండా" అంది. "అనలేదక్కా, మొండికేసింది" అని దిగాలుగా తీసిన ఫోటోలు తెరిచాను. అందులో పద్నాలుగు కొత్త ఫోటోలున్నాయి! నాకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. ముందురోజు కెలుకుడులో, అన్నీ మొదటికి వచ్చాక, బొటనవేలి కింది బటన్‌కు చప్పుడు లేని షటర్ పెట్టుకుని ఆ సంగతే మరిచాను. స్టూలు జరిపే హడావిడిలో అది నొక్కుకుపోయింది. బ్యాటరీ ఆదా అవుతుందని, తీసిన ఫోటో వెంటనే కనబడకుండా ఆపేసింది కూడా నేనే. కెమెరా నేను నొక్కినప్పుడల్లా తీస్తూనే ఉంది. రెడీ లేదు, టక్ లేదు, అందుకని ఆమె కళ్లు మూయనూ లేదు.

పద్నాలుగింటిలోనూ కళ్లు తెరిచే ఉన్నాయి. ఒక్కొక్కటే పెద్దది చేసి చూశాను. స్పష్టంగా ఉన్నది కనకాంబరం, ముక్కుపుడక, చెవి, మళ్లీ ముక్కుపుడక. తొమ్మిదోది తెరవగానే నా చేయి ఆగిపోయింది. రెప్ప వెంట్రుకలు, నల్లగుడ్డులో వాకిలి వెలుతురు, నవ్వు రాబోయే ముందు కంటి కొసన పడే ముడత. ఆమె వెనక పాత లెన్సు వల్ల మగ్గం, గోడ, చీకటి అంతా మెత్తగా కరిగిపోయి ఉంది. కెమెరా ఆమె చేతికిచ్చాను.

చాలాసేపు చూసింది. తల ఇటు వంచి చూసింది, అటు వంచి చూసింది. తర్వాత మెల్లగా, "ఓయమ్మా, ఇది నన్నే సూస్తాంది" అంది. నవ్వబోయింది, నవ్వు సగంలో ఆగి కళ్లలో నీళ్లు వచ్చాయి. కొంగుతో తుడుచుకుని, "ఈరన్నా, ఒరేయ్ ఈరన్నా, లేసి రా" అని మొగుణ్ణి పేరు పెట్టి పిలిచేసింది. వీధిలో సంఘం ఆడవాళ్లంతా చేరారు. "ఇన్నాళ్లకు నిద్ర లేసిందప్పా" అని ఒకామె అంటే వీధి గొల్లుమంది. నేను మాత్రం గడప మీద కూలబడ్డాను. అంత సంతోషం నాకు పిల్లల రిజల్ట్స్ రోజు కూడా కలగలేదు.

నాలుగూముప్పావుకు ఫోటో ఫోన్‌లోకి ఎక్కించి ఫ్లెక్సీ అంగడికి పంపాం. అయిదు నిమిషాల్లో అతని ఫోన్. "కండ్లు షార్పుగా ఉండాయి గానీ, సెవులు మసకగా ఉండాయి. సరి సెయ్యమంటారా?" నేను నోరు తెరిచే లోపల సుంకమ్మక్క ఫోన్ లాక్కుంది. "మేం సెవులు అమ్మేదానికి పెడతాండామా అంగడి? ఉన్నది ఉన్నట్టు ఎయ్యప్పా!" అరగంటకు మేమే పోయి ఫ్లెక్సీ చూశాం. నాలుగడుగుల ఎత్తు, పది ముఖాలు, రెండో వరసలో చివరన ఆమె. తడి రంగు మీద వేలు పెట్టొద్దని అతను మొత్తుకుంటున్నా వినకుండా తన కంటి పక్కన వేలు ఆనించి చూసుకుంది. నేను ఆరున్నర కర్నూలు బస్సు ఎక్కేవరకు ఆమె వేలికి ఆ నల్లరంగు అలాగే ఉంది.

బస్సులో కూర్చుని ఆ పద్నాలుగు ఫోటోలూ వరసగా చూశాను. మొదటి దాంట్లో ముఖం మామూలుగా ఉంది. పోను పోను బుగ్గలు బిగుసుకున్నాయి, పద్నాలుగోదాంట్లో పెదవులు అదిమి పట్టుకుంది. నేను యంత్రాన్ని తిట్టుకుంటూ ఉన్నంతసేపూ ఒక మనిషి నా ఎదుట నా కోసం ఊపిరి ఆపుకుని కూర్చుంది. అయిపోయిందని చెప్పేవాళ్లు లేక ఆపుకుంటూనే ఉంది. ఆమెకు ఫోటో కుదిరిందన్న సంతోషం నిజం, ఆమె ముఖం చూడకుండా ఒక్క కన్నునే అంతసేపు చూశానన్న సిగ్గు కూడా నిజమే. పాత లెన్సులు కొనుక్కుని ఇటువైపు వచ్చేవాళ్లకు ఒక్క మాట చెబుతాను. చప్పుడు లేని షటర్ వాడండి, భయపడేవాళ్ల కళ్లకు అంత మేలు ఇంకేదీ చేయదు. కానీ తీసిన ప్రతిసారీ "అయిపోయిందక్కా" అని నోటితో చెప్పండి. మీరు చెప్పేదాకా వాళ్లు ఊపిరి తీసుకోరు.